తేలిపోయిన బొమ్మ – వెలుగు లెక్క

‘అతి సర్వత్ర వర్జయేత్’ అన్నారు పెద్దలు. చేనుకు నీళ్లు ఎక్కువైనా, కూరలో ఉప్పు ఎక్కువైనా, పరీక్ష పేపర్లో మాటలు ఎక్కువైనా చెడ్డదే. మరి ఫోటోకు వెలుగు ఎక్కువైతే? ‘తెల్లగా కొట్టేసింది, పనికిరాదు’ అని పక్కన పడేస్తాం. అయితే కావాలనే వెలుగు ఎక్కువ ఇచ్చి, ఆకాశం తెల్లబారేట్టు, రంగులు లేతబడేట్టు బొమ్మ తీయడం కూడా ఒక పద్ధతే. ఫిల్ము మీద అది ఎట్లా సాధ్యమవుతుందో, అందులో మనం క్లాసులో చదివే భౌతిక, రసాయన శాస్త్రాల పాలు ఎంతో, రెండు రోళ్లు పోగొట్టుకొని మూడో రోలులో నేర్చుకున్న సంగతిని తోటి విద్యార్థులకు చెప్పుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఈ పిచ్చి నాకెందుకు పట్టిందో చెప్పాలి. మాది హిందూపురం దగ్గర ఒక పల్లె. ఎర్రనేల, వానమీద ఆధారపడిన శెనక్కాయ సేద్యం. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా మనం అడిగినప్పుడు కాదు, దానికి బుద్ధి పుట్టినప్పుడు. ఎండాకాలం మధ్యాహ్నం మా మిట్ట మీద నిలబడి చూస్తే ఆకాశం నీలంగా ఉండదు, తెల్లగా ఉంటుంది. నేల ఎరుపు కూడా సగం చచ్చి ఉంటుంది. కళ్లు చికిలించుకొని చూడాల్సిందే. అదే దృశ్యాన్ని ఫోనుతో తీస్తే ఆకాశం నీలిమందు కలిపినట్టు, నేల కుంకుమ పోసినట్టు వస్తుంది. ఒకసారి మా నాయనకు చూపించినాను. ‘‘ఇది మన చేను కాదబ్బీ, సినిమావాళ్ల చేను’’ అన్నాడు. మా చేను మాకు కనబడినట్టే ఫోటోలో పడాలంటే ఏం చేయాలి అన్న ప్రశ్న అక్కడ మొదలైంది.

రెండో కారణం మా అవ్వ. ఆమెకు ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప వేరే ఫోటో లేదు. ‘‘రేపు నేను పోయినాక గోడకు తగిలించేకి ఒకటి తీయరా. ఆ కార్డులో దొంగ మాదిరి ఉండాను’’ అని ఎన్నోసార్లు అడిగింది.

హిందూపురంలో చిన్న స్టూడియో నడిపే ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఊర్లో పిల్లలందరికీ ఆయన మామే. మూలన పెట్టిన తన పాత యాషికా ఎఫ్.ఎక్స్.-3 కెమెరాను నాకు వాడుకోమని ఇచ్చాడు. ఆయన పని నేర్చుకునే కాలంలో ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ రోళ్లు, తూర్పు జర్మనీ నుంచి వచ్చే ‘ఓర్వో’ రోళ్లు వాడేవాళ్లట. 1960లో ఏర్పడిన ఆ ఊటీ సంస్థ మూతపడింది. తూర్పు జర్మనీ అనే దేశమే 1990లో లేకుండా పోయింది. నాకు దొరికింది కొడాక్ గోల్డ్ 200 అనే కలర్ నెగెటివ్ రోలు. అందులో 36 బొమ్మలు. రోలు ధర, బెంగళూరుకు పంపి కడిగించే ఖర్చు, కొరియరు అన్నీ కలిపితే మా చేన్లో నలుగురు మనుషులకిచ్చే ఒకరోజు కూలీకి తక్కువ కాదు. అందుకని ప్రతి బొమ్మకూ లెక్క రాసుకున్నాను. ఆ నోటుబుక్కే ఈ వ్యాసానికి ఆధారం.

స్టాపు అంటే ఏమి?

ఫిల్ము మీద పడే వెలుగును రెండు చోట్ల అదుపు చేస్తాం. ఒకటి లెన్సులోని కన్ను, అంటే అపర్చరు. రెండోది ఆ కన్ను వెనుక తలుపు ఎంతసేపు తెరిచి ఉంటుందన్నది, అంటే షటరు. వెలుగు రెట్టింపైతే ఒక స్టాపు పెరిగిందంటాం. రెండు స్టాపులంటే నాలుగు రెట్లు, మూడు స్టాపులంటే ఎనిమిది రెట్లు, ఐదంటే ముప్పైరెండు రెట్లు. వడ్డీ మీద వడ్డీ లెక్క తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు.

మీటరు లేనివాళ్లు వాడే పాత సూత్రం ఒకటుంది. మంచి ఎండలో అపర్చరును ఎఫ్/16 దగ్గర పెట్టి, షటరు వేగాన్ని ఫిల్ము వేగానికి దగ్గరగా పెట్టాలి. ఫిల్ము 200 కాబట్టి నా కెమెరాలో దగ్గరి అంకె సెకనులో 250వ వంతు. ఇది సరైన వెలుగు. ఇక్కడి నుంచి ఎఫ్/11 కు వస్తే ఒక స్టాపు ఎక్కువ. ఎఫ్/8 అయితే రెండు, ఎఫ్/5.6 అయితే మూడు, ఎఫ్/4 అయితే నాలుగు. అంకె చిన్నదయ్యేకొద్దీ కన్ను పెద్దదవుతుందని గుర్తుంచుకుంటే చాలు.

పెనుకొండ: ఐదు బొమ్మలు, ఒకే ఫలితం

మన కాలేజీ నుంచి మా ఊరికి పోయే రైలు దారిలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరుసగా వస్తాయి. మే నెలలో ఒక ఆదివారం పెనుకొండలో దిగాను. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికే మార్చుకున్నారన్నది చరిత్ర విద్యార్థులకు తెలిసినదే. వాళ్లు వదిలిపోయిన గగన్ మహల్ ఎదుట నిలబడి, కట్టడం, దాని వెనుక కొండ, పైన ఆకాశం వచ్చేట్టు ఒకే చోటినుంచి ఐదు బొమ్మలు తీశాను. మొదటిది సరైన వెలుగులో. తర్వాతవి ఒక్కో స్టాపు పెంచుకుంటూ నాలుగు స్టాపుల దాకా. చివరి బొమ్మకు మొదటిదానికంటే పదహారు రెట్ల వెలుగు తగిలింది. అది సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తుందని గట్టి నమ్మకం.

పది రోజులకు బొమ్మలు వచ్చాయి. ఐదూ ఒకే రకంగా ఉన్నాయి! ఆకాశం ఐదింటిలోనూ నీలమే. చివరిదాంట్లో ఆర్చీల లోపలి చీకటి కొద్దిగా తేటపడింది, అంతే. కెమెరా షటరు చెడిపోయిందనుకొని హిందూపురం పోయి మామతో పేచీ పెట్టుకున్నాను.

హిందూపురం: నెగెటివు చెప్పిన మాట

‘‘ఏమల్లుడా, కాగితాన్ని చూసి కెమెరాను తిడతావా? నెగెటివు తీ’’ అన్నాడు మామ. వెలుగు పలక మీద నెగెటివు పెట్టాడు. మొదటి చదరం పలచగా ఉంది. రెండోది కొంచెం చిక్కన. ఐదోది బాగా నల్లన. కెమెరా తప్పు చేయలేదు. అదనంగా ఇచ్చిన వెలుగంతా నెగెటివులో భద్రంగా ఉంది. కడిగినచోట స్కాను చేసే యంత్రం మాత్రం ‘ఇది చిక్కగా ఉంది’ అని తెలుసుకొని, ఒక్కోదాన్ని సరిచేసి మామూలు బొమ్మగా పంపించింది. అది దాని పని. తప్పు నాదే. నాకు ఏం కావాలో నేను చెప్పలేదు.

ఇక్కడ కొంచెం శాస్త్రం చూద్దాం. ఫిల్ము మీద ఉండేవి వెండి హేలైడు స్ఫటికాలు. వెలుగు తగిలిన స్ఫటికంలో కంటికి కనబడని గుర్తు పడుతుంది. డెవలపరు ద్రావణం ఆ గుర్తు ఉన్న స్ఫటికాలను నల్లని వెండిగా మారుస్తుంది. కలర్ ఫిల్ములో ఆ చర్యతోపాటే రంగు పుడుతుంది, తర్వాత వెండిని తీసేస్తారు. కలర్ నెగెటివుకు 1972 నుంచి వాడుకలో ఉన్న సి-41 పద్ధతిలో డెవలపరు ఉష్ణోగ్రత 37.8 డిగ్రీల సెంటీగ్రేడు, సమయం 3 నిమిషాల 15 సెకన్లు. మన ఒంటి వేడికి దగ్గరే! మొత్తం మీద, వెలుగు ఎంత ఎక్కువైతే నెగెటివు అంత చిక్కన.

ఎంత వెలుగుకు ఎంత చిక్కదనం అన్న లెక్కను ఇంగ్లండులో రసాయన పరిశ్రమలో పనిచేసిన హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లో ప్రకటించారు. అడ్డగీత మీద వెలుగు సంవర్గమానం, నిలువుగీత మీద నెగెటివు సాంద్రత వేస్తే పడుకున్న ‘ఎస్’ అక్షరం లాంటి వక్రరేఖ వస్తుంది. కింద పాదం, నడుమ తిన్నని గీత, పైన భుజం. సాంద్రత కూడా సంవర్గమానమే: 0.3 అంటే వెలుగులో సగం, 1 అంటే పదోవంతు, 2 అంటే నూరోవంతు మాత్రమే అవతలికి పోతుంది.

మామూలు నెగెటివులో ఆ తిన్నని గీత వాలు సుమారు 0.6. ఇప్పుడు లెక్క వేయండి. మూడు స్టాపులంటే ఎనిమిది రెట్ల వెలుగు. 8 కి సంవర్గమానం 0.9. దాన్ని 0.6 తో గుణిస్తే 0.54. అంటే వెలుగు ఎనిమిది రెట్లు పెంచితే నెగెటివు చిక్కదనం పెరిగేది మూడున్నర రెట్లే. స్కాను యంత్రం మూడున్నర రెట్ల వెలుగు పంపితే మళ్లీ పాత బొమ్మే వస్తుంది. పెనుకొండలో నా ఐదు బొమ్మలు ఒకటిగా రావడానికి కారణం ఇదే. గీత తిన్నగా ఉన్నంతవరకూ రంగుల మధ్య తేడాలు కూడా అట్లే ఉంటాయి. ‘ఎక్కువ వెలుగు ఇస్తే రంగు లేతబడుతుంది’ అన్నది సగం నిజమే. ఫిల్ములో వెలుగు దాచుకోవడం ఒక మెట్టు, దాన్ని ప్రింటులో లేతగా బయటికి తీయడం రెండో మెట్టు. రెండూ కలిస్తేనే తేలిపోయిన బొమ్మ.

ఇదే పని స్లైడు ఫిల్ముతో చేయరాదు. స్లైడులో నెగెటివు అనే నడిమి మెట్టు లేదు. వెలుగు ఎక్కువ పడ్డచోట ఒట్టి తేట ఫిల్ము మిగులుతుంది, అక్కడ వెతకడానికి ఏమీ ఉండదు. అర స్టాపు తేడా కూడా తెలిసిపోతుంది. డిజిటల్ కెమెరా కూడా దాదాపు అంతే. దాని సెన్సారు కుండ లాంటిది, నిండేదాకా పడుతుంది, నిండినాక పొర్లిపోతుంది. నెగెటివు మాత్రం మా చెరువు మట్టి లాంటిది. తడిసేకొద్దీ పీల్చడం నిదానిస్తుంది గానీ ఒక్కసారిగా కాదనదు.

సినిమావాళ్లకు ఈ రహస్యం ఎప్పుడో తెలుసు. 1969లో వచ్చిన ‘బుచ్ కాసిడీ అండ్ ది సన్‌డాన్స్ కిడ్’ చిత్రానికి ఛాయాగ్రాహకుడు కాన్రాడ్ హాల్ నెగెటివుకు కావాలనే వెలుగు ఎక్కువ ఇచ్చి, ప్రింటులో సరిచేసుకుంటూ ఎడారి రంగులను వెలిసినట్టు చేశాడు. ఆ పనికి ఆస్కార్ బహుమతి వచ్చింది. 1971 నాటి ‘మెకేబ్ అండ్ మిసెస్ మిల్లర్’ చిత్రంలో విల్మోస్ జిగ్మండ్ ఇంకో ఉపాయం చేశాడు. బొమ్మతోపాటు ఫిల్ముకంతటికీ సమానంగా కొంచెం వెలుగు చూపించాడు. దాని లెక్క చాలా సులువు. నీడలో 1 పాలు, ఎండలో 100 పాళ్లు వెలుగు ఉందనుకోండి. రెండింటికీ ఒక్కో పాలు కలిపితే నీడ 2, ఎండ 101 అవుతాయి. నూరు రెట్ల తేడా యాభై రెట్లకు పడిపోయింది. ఎండకు ఏమీ కాలేదు, నలుపు మాత్రం బూడిదైంది.

అవ్వ యాడుంది?

ఇంత విన్నాక మనిషి ఊరకుంటాడా? రెండో రోలు వేశాను. జూన్ నెల. మిట్టమధ్యాహ్నం అవ్వకు తెల్ల చీర కట్టించి, సున్నం కొట్టిన గోడ ముందర నిలబెట్టి, ఎఫ్/2.8 తో, అంటే ఐదు స్టాపులు ఎక్కువగా తీశాను. ‘ఏదీ సరిచేయొద్దు, మామూలు నెగెటివుకు పెట్టే వెలుగే పెట్టండి’ అని చీటీ రాసి పంపినాను. వాళ్లు రాసినట్టే చేశారు.

బొమ్మ వచ్చింది. అవ్వ దాన్ని దగ్గర పెట్టుకొని, దూరం పెట్టుకొని, తిప్పి చూసింది. ‘‘అబ్బీ, గోడ బాగా పడింది. నేను యాడుండా?’’ అని అడిగింది. రెండు కళ్లు, చేతిలో ఊతకర్ర తప్ప ఆమెలో ఏమీ మిగల్లేదు. ఇంట్లో అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను గానీ లోపల కలుక్కుమంది. బతుకంతా ఎండలో పనిచేసిన మనిషి. ఒక్క ఫోటో అడిగింది. అందులో కూడా ఎండే మిగిలింది, మనిషి పోయింది.

మామ ఆ నెగెటివును వెలుగు పలక మీద పెట్టి, తన డిజిటల్ కెమెరాతో మళ్లీ కాపీ తీసి చూశాడు. ముఖం కొంత దొరికింది. చీర మడతలు, గోడ మాత్రం ఒకటైపోయాయి. తెల్లని వస్తువుకు ఐదు స్టాపులు అదనంగా ఇస్తే అది వక్రరేఖలో తిన్నని గీత దాటి భుజం మీదికి ఎక్కుతుంది. అక్కడ గీత పడుకుంటుంది కాబట్టి వెలుగులో తేడా ఉన్నా చిక్కదనంలో తేడా రాదు. నెగెటివు పీల్చుకుంటుందని ఎంత పోసినా సరిపోతుందనుకోరాదు.

‘‘అల్లుడా, వెలుగు పెంచేముందు ఒకటి తేల్చుకోవల్ల. ఏది పోతే పరవాలేదు, ఏది పోగూడదు?’’ అన్నాడు మామ. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోదలిస్తే అది ఇదే.

ధర్మవరం: జరీ చెప్పిన పాఠం

అదే రోలులో ధర్మవరంలో తీసిన బొమ్మలు కూడా ఉన్నాయి. మన కాలేజీ మిత్రుడొకనిది నేత కుటుంబం. వాళ్ల ఇంట్లో గుంట మగ్గం పక్కనే ఒక కిటికీ. ఆ కిటికీ తెల్లగా పొంగి, మగ్గం మీది పట్టుచీర లేత రంగులో తేలుతూ ఉంటే ఎంత బాగుంటుందో అనుకొని మూడు స్టాపులు పెంచి తీశాను. మావాడు ఆ బొమ్మలను చీరలు అమ్మడానికి ఫోన్లో పెట్టాలనుకున్నాడు.

కిటికీ నేననుకున్నట్టే వచ్చింది. కానీ వాళ్ల నాయన చూసి, ‘‘జరీ యాడబ్బా? అంచు యాడ? ఇది చూసినోడు చీర రంగు పోయిందనుకుంటాడు’’ అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు, భయం ఉంది. జరీ మెరుపు అంటే ఏమి? దారం మీద అక్కడక్కడ పడే చిన్న చిన్న వెలుగు చుక్కలు, వాటి పక్కనే నీడ. ఈ రెంటి మధ్య తేడాయే మెరుపు. ప్రింటులో రెండూ తెల్లనైపోతే జరీ ఒట్టి తెల్లదారం. ఒంటి రంగు ఒకటి, అంచు రంగు ఒకటి ఎదురెదురుగా నిలబడడం ధర్మవరం చీరకు అందం. దాన్ని లేతగా చేస్తే నేతగాని పనినే చెరిపేసినట్టు. ఆ బొమ్మలను మావాడు పెట్టలేదు. మరుసటి వారం మామూలు వెలుగులో తీసినవి పెట్టుకున్నాడు.

ఇక్కడే ఇంకో సంగతి. తేలిపోయిన బొమ్మ వేరు, వెలిసిపోయిన బొమ్మ వేరు. మా నాయన పెళ్లి ఫోటో గోడ మీద ఎండ తగిలి వెలిసింది. అందులో నల్లని తలపాగా గోధుమరంగైంది. అంటే పోయింది నలుపు. కాలం గడిచేకొద్దీ రంగు అణువులు విరిగిపోవడం వల్ల వచ్చిన నష్టం అది, ఎవరూ కోరుకున్నది కాదు. వెలుగు పెంచి తీసిన బొమ్మలో ముందు పోయేది తెలుపులోని వివరం. చూడటానికి రెండూ పాలిపోయినట్టే ఉన్నా, ఒకటి జబ్బు, ఒకటి ఎంపిక.

చింతచెట్టు కింద

మూడో రోలు సెప్టెంబరులో వేశాను. శెనక్కాయ విత్తి రెండు నెలలైంది. ఆగస్టులో వాన ముఖం చాటేసింది. మధ్యాహ్నానికి ఆకులు ముడుచుకుంటున్నాయి. చేను గట్టు మీద చింతచెట్టు కింద అవ్వను కూర్చోబెట్టాను. ఆమె నీడలో ఉంది, వెనుక చేను ఎండలో ఉంది. ఈసారి చీర ముదురు రంగుది.

కెమెరాలో ఫిల్ము వేగం 200 బదులు 100 పెట్టాను. దాంతో ఒక స్టాపు. మీటరును చేను మీద కాక, అవ్వ ముఖానికి దగ్గరగా తీసుకుపోయి నీడ వైపు చెంప మీద చూశాను. ఎఫ్/5.6, సెకనులో 125వ వంతు చూపించింది. ఇంకో స్టాపు కలిపి 60వ వంతు పెట్టాను. వెనక్కి వచ్చి తీశాను. ఇప్పుడు చూడండి: ముఖానికి రెండు స్టాపులు మాత్రమే ఎక్కువ, ఇంకా తిన్నని గీత మీదే ఉంది. ఎండలోని చేనుకు సరైనది ఎఫ్/16, 250వ వంతు కాబట్టి దానికి మొత్తం ఐదు స్టాపులు ఎక్కువ. ఎర్రనేల సున్నపు గోడంత తెల్లనిది కాదు గనుక నెగెటివులో అది కూడా నిలుస్తుంది. ప్రింటును ముఖానికి సరిపెడితే చేను తనంతట తానే తెల్లబారుతుంది. పెనుకొండలో చేసిన తప్పు, గోడ దగ్గర చేసిన తప్పు, రెండూ ఇందులో లేవు.

నెగెటివు వచ్చాక మామ, నేను కూర్చొని కాపీ తీశాం. ముఖం మామూలు కంటే కొంచెం తేటగా, ప్రతి ముడుతా కనబడేట్టు. వెనుక ఆకాశం, నేల కలిసిపోయి ఒకటే తెలుపు. మా ఊర్లో సెప్టెంబరు ఎండ నాకు కంటికి కనబడిన తీరు అదే. అవ్వ చాలాసేపు చూసి, ‘‘ఇది నేనే’’ అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

మా నాయన మాత్రం, ‘‘బాగుంది. అయితే చేను యాడ?’’ అన్నాడు. ‘‘ఎండ అట్లుందని చూపించినా నాయనా’’ అన్నాను. ‘‘ఎండ ఉంది సరే. ఎండినా మనం పంట పెట్టినాం గదా. దీన్ని చూసినోడు ఈ ఏడు ఏమీ వేయలేదనుకుంటాడు.’’

నాకు జవాబు తోచలేదు. ధర్మవరంలో నేతగాడు చెప్పిందీ ఇదే. కరువును చూపించబోయి కరువులో చేసిన కష్టాన్ని చెరిపేశాను. ఆ సాయంత్రం మళ్లీ మామ దగ్గరికి పోయి, అదే నెగెటివును చేనుకు సరిపెట్టి ఇంకో కాపీ తీశాం. నెగెటివులో దాగి ఉన్నదంతా బయటికి వచ్చింది. ముడుచుకున్న ఆకులు, గుంటక తోలిన సాళ్లు, గట్టు మీద రాళ్లు. ఈ కాపీలో అవ్వ చీకటి ఆకారంగా మిగిలింది. నాయన వేలు పెట్టి సాళ్లు లెక్కబెట్టినాడు. ‘‘ఈ మూల మొలక రాలేదు, చూడు’’ అని అమ్మకు చూపించినాడు.

మా తాత కాలంలో గింజలను నేలలో పాతర వేసి దాచేవాళ్లు. ఈ రోజు వండుకోవడానికి ఎంత కావాలో అంతే తీసేవాళ్లు, మిగతాది లోపలే ఉండేది. మంచి నెగెటివు పాతర లాంటిది. తేలిపోయిన బొమ్మ కావాలన్నా ముందు పాతర నిండా దాచుకోవాలి. పోగొట్టుకునేది ప్రింటులో పోగొట్టుకోవాలి, నెగెటివులో కాదు. ప్రింటులో పోయింది రేపు మళ్లీ దొరుకుతుంది. నెగెటివులో పోయింది దొరకదు.

చేయదలచినవారికి

ఉత్సాహం ఉన్న మిత్రుల కోసం నా నోటుబుక్కులోని మాటలు:

1. కలర్ నెగెటివు వాడండి. స్లైడు ఫిల్ముతో ఈ ప్రయోగం వద్దు.

2. ఫిల్ము వేగాన్ని సగానికి గానీ నాలుగోవంతుకు గానీ తగ్గించి పెట్టండి. 200 ఫిల్ముకు 100 లేక 50. ఒకటి రెండు స్టాపులు ముఖానికి చాలు.

3. మీటరును నీడలో ఉన్న ముఖ్యమైన వస్తువు మీద చూడండి. ఆకాశాన్ని చూసి వెలుగు తగ్గించుకోకండి.

4. మనిషిని నీడలోనో, సూర్యునికి వీపు పెట్టో నిలబెట్టండి. వెనుక ఎండ ఉండాలి. వస్తువుకూ వెనుక భాగానికీ మూడు స్టాపుల తేడా ఉంటే వెనుక భాగం తెల్లబారుతుంది.

5. తెల్ల చీర, తెల్ల గోడ, మిట్టమధ్యాహ్నం ఈ మూడూ ఒకచోట చేర్చకండి. చేర్చితే ఏమవుతుందో మా అవ్వను అడగండి.

6. కడిగేవాళ్లకు ‘ముఖం కొంచెం తేటగా, ఆకాశం పోయినా పరవాలేదు’ అని రాసి పంపండి. చెప్పకపోతే యంత్రం సరిచేస్తుంది. ‘ఏదీ సరిచేయొద్దు’ అంటే అన్నీ పోతాయి.

7. నెగెటివులు తప్పకుండా వెనక్కి తెప్పించుకోండి. స్కాను ఒక్కటే తీసుకొని నెగెటివు వదిలేయడం, బువ్వ తిని పాతర మరిచిపోవడం లాంటిది.

8. మెరిసేవాటికీ, రంగే ప్రాణమైనవాటికీ ఈ పద్ధతి పనికిరాదు. తీసేముందు ఆ వస్తువు ఎవరి చేతి పనో, వాళ్లు ఒప్పుకుంటారో లేదో అడగండి.

ఫోన్లో ఒక్క వేలితో రంగు తేల్చేయవచ్చు కదా, ఇంత యాతన ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. నిజమే. కానీ వేలితో చేసేటప్పుడు ఏది పోతోందో నేనెప్పుడూ ఆలోచించలేదు. 36 బొమ్మలే ఉన్నప్పుడు, ఒక్కోదానికి ఎంత ఖర్చో తెలిసినప్పుడు ఆలోచించాను. ప్రయోగశాలలో గీసి, మార్కులు వేయించుకొని, మరిచిపోయే వక్రరేఖల్లో ఒకటి మా అవ్వ ముఖం మీదుగా పోతుందని కూడా అప్పుడే తెలిసింది.

రెండు కాపీలూ మా ఇంటి గోడ మీద పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో అవ్వ, ఒకదాంట్లో చేను. అవ్వ బొమ్మకు దండ వేయలేదు. ఆమె రోజూ దాని కిందే కూర్చొని వక్కాకు నములుతూ, వచ్చినవాళ్లకు చూపిస్తుంది. ‘‘మా వాడు తీసినాడు. ముందొకటి తీసినాడు గానీ, అది గోడ ఫోటో’’ అంటుంది.

– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి